మస్టాంగు మడ్‌గార్డు చాటున

1964 ఏప్రిల్ 17వ తేదీన న్యూయార్కు విశ్వప్రదర్శనమునందు ఫోర్డు కంపెనీవారు మస్టాంగు కారును ఆవిష్కరించినపుడు, దాని పొడవైన ముందుభాగమును, కురుచయైన వెనుకభాగమును, 2,368 డాలర్ల ప్రారంభ ధరను చూచి జనులు ముచ్చటపడిరే గాని, ముందుచక్రముల వెనుక, మడ్‌గార్డు చాటున, రేకుపలకకు తీగపిన్నులతో కుట్టబడిన రబ్బరు పట్టీ ఎవరి కంటబడును? నేడు ఆ కారును పునరుద్ధరింపబూనినవాడు మాత్రము మోకాళ్లపై వంగి మొట్టమొదట చూడవలసినది ఆ చోటనే.

తిరుగుచున్న చక్రము నీటిని, ఇసుకను, బురదను వెనుకకు విసరుచుండును. మిషిగన్, ఒహాయో వంటి శీతలసీమలలో మంచు కరగుటకై రోడ్లపై ఉప్పు చల్లుదురు గనుక అచ్చటి బురద మరింత ప్రమాదకరము. దానిని రేకుపలక అడ్డగింపగా, పలకకును మడ్‌గార్డు లోపలి ముఖమునకును నడుమ మిగిలిన సందును రబ్బరు పట్టీ మూసివేయును. ఆ పట్టీ ఎండి, పగిలి, ఊడిపోయినచో, బురద లోనికి చొరబడి, మడ్‌గార్డు దిగువ మూలలో ముద్దగా పేరుకొని, పైన ఎండ కాయుచున్నను తాను తడియారక, రేకును లోపలినుండి తినివేయును. వెలుపలి రంగుపై చిన్న బొబ్బ కనబడునప్పటికి లోన రేకు జల్లెడయై యుండును.

మరి యింతటి రక్షణభారమును వట్టి పిన్నుల కేల అప్పగించిరి? ఫాల్కను కారు అంగములను ఆధారముగా గొని రూపొందిన మస్టాంగు, డియర్‌బార్న్, సాన్ హోసే, మెటచెన్ కర్మాగారములనుండి వెలువడుచు, రెండేండ్లు నిండకమునుపే 10 లక్షల సంఖ్యను అందుకొనెను. అట్టి వేగమున పట్టీ పొడవునను బోల్టులు, నట్టులు బిగించుటకు తీరిక యెక్కడిది? తీగపిన్నైనచో రబ్బరును, రేకును ఒకేసారి గ్రుచ్చుకొని ఆవలివైపున మడతపడును. ఇది చవకబారు పద్ధతి యని ఈసడించువారు గలరు గాని, నే నంగీకరింపజాలను: వెడల్పైన పిన్ను మెత్తని రబ్బరును నాలుగు బిందువులయొద్ద నొక్కక, తన నిడివి మేర అదిమిపట్టును. పట్టీలు నశించినది పిన్నుల దోషమువలన కంటె రబ్బరు స్వభావమువలననే. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకముతో కలిపి కాచి రబ్బరునకు దార్ఢ్యము గూర్చెను. అయినను గాలిలోని ఓజోను వాయువు సాగదీయబడిన రబ్బరును క్రమముగా చీల్చుచునే యుండును.

కొత్త పట్టీని అమర్చునపుడు కొందరు రివెట్లు కొట్టుదురు, కొందరు ప్లాస్టిక్ బిరడాలు దూర్చుదురు. బండి నడచుటకు అవి చాలును. కాని అవి ఆ కారు పుట్టుకను చెరిపివేయును. పలకను విప్పి, తుప్పు గీకినపుడు అంచువెంట జంటజంటలుగా సన్నని రంధ్రములు బయటపడును. ఒకనాటి కార్మికుని చేతిగుర్తులు ఇంత స్పష్టముగా కారులో మరెచ్చటను నాకు కానరావు. ఆ రంధ్రములను పూడ్చుట నాకు సమ్మతము గాదు.

పాత పట్టీ ఎంత చివికినను కొలతకై దాచియుంచవలెను. పలకకు రంగు వేసి, ప్రతి రంధ్రపు అంచునకును సన్నని కుంచెతో రంగు తాకించి, పూర్తిగా ఆరనిచ్చిన పిదపనే కొత్త పట్టీని చేపట్టవలెను. పచ్చిరేకు ఏ మాత్రము మిగిలినను తుప్పు అచ్చటనే మొదలగును. పెట్టెలో ముడతపడివచ్చిన పట్టీని కొంతసేపు ఎండలో పరచినచో మెత్తబడి సాగును. దానిని వంపు నడిమినుండి ఇరువైపులకు సర్దుచు, పాత రంధ్రములకు సరిగా దబ్బనముతో గ్రుచ్చి, పిన్ను కాళ్లను దూర్చి, తలను ఇనుపదిమ్మపై ఆనించి, వెనుకనుండి పట్టకారుతో వంచవలెను. రబ్బరు కదలకుండ నిలిచినంతనే చేయి ఆపవలెను. అంతకుమించి నొక్కినచో తీగయే రబ్బరును కోయును.

మరియొక జాగ్రత్త గలదు. ముందు అద్దము క్రిందనున్న గాలిద్వారమున పడిన వాననీరు, ఇరుప్రక్కలనుండి దిగి, ఈ పలక వెనుకగనే నేలకు జారును. బురద రాకూడదను ఆతురతతో అడుగుసందునుగూడ జిగురుతో బిగించినచో ఆ నీరు లోననే నిలిచి, బురద చేయు కీడును తానే చేయును. అందుచేత పలకను బిగించిన పిమ్మట అద్దము క్రింద ఒక చెంబెడు నీరు పోసి, అది ఇరువైపుల ధారాళముగా కారుచున్నదో లేదో చూచి, తరువాతనే చక్రమును ఎక్కింపవలెను.