ఒకే డబ్బానా, విడివిడి సామానా?

1935లో హైదరాబాదులో దక్కన్ రేడియో మొదలైంది. 1950లో ఆలిండియా రేడియోలో కలిసింది. ఆ జమానా వాల్వు రేడియోలో స్టేషన్ పట్టే భాగం, ఆవాజు పెంచే ఆంప్లిఫయరు, స్పీకరు అన్నీ ఒకే డబ్బాలో ఉండేవి. నేటి రిసీవరు దాని వారసుడే. స్పీకర్లు మాత్రం బయటికొచ్చాయి.

మా చేవెళ్ల, మొయినాబాద్ షాదీల్లో మైక్‌సెట్టు వాళ్లది వేరే తరీఖా. ప్లేయరు, ఆంప్లిఫయరు, హారన్లు విడివిడిగా దిగేవి. ప్లేయరు ఖరాబైతే మైకు తగిలించి ఖవ్వాలీ పాడించేవాళ్లు.

మా అబ్బా టూ-ఇన్-వన్ కొన్నారు. జాగా తక్కువ, కీమత్ తక్కువ. ఆ ఫైసలా గలత్ కాదు. కానీ ఒకరోజు లోపలి ఆంప్లిఫయరు కాలి రేడియో, క్యాసెట్టు రెండూ ఖామోష్.

నేను విడివిడిగానే కొన్నాను. అమ్మీ మాట్లాడిన క్యాసెట్టు ఒక్కటే మిగిలింది. డెక్కు చెడితే డెక్కే మారుస్తా. ఆ ఆవాజు మాత్రం ఆగకూడదు.