సుమో, 207, మధ్యలో మా బాబాయి మిరప తోట

కారేపల్లి నుంచి బాబాయి ఫోను. "పాత 207 పికప్పు ఒకటి, సెకండ్ హ్యాండు బొలెరో ఒకటి చూసిన. రేటు ఇంచుమించు ఒక్కటే. ఏది తీసుకోమంటవురా?"

ఇంట్లో ఇంజనీరుని నేనే మరి (సాఫ్ట్‌వేరుకీ బండి ఇంజనుకీ సంబంధం లేదని ఎన్నేళ్లుగానో చెప్తున్నా, వినరు). ఎక్సెల్ షీటు తెరిచి పాత సంగతులు తవ్వడం మొదలుపెట్టాను. తేలిందేమిటంటే, మన దగ్గర పికప్పూ ఎస్‌యూవీ వేరు వేరు జాతులు కావు, అన్నదమ్ములు.

టాటా వాళ్లు 1988లో టాటామొబైల్ 206 అనే పికప్పు తెచ్చారు. ఆ వేదిక మీదే 1991లో సియెరా, 1994లో సుమో తయారయ్యాయి. అంటే ఆది (2002) లాంటి ఫ్యాక్షను సినిమాల్లో గాల్లోకి లేచిన సుమోలన్నీ పుట్టుకతో సరుకు బండి సంతానమే :) 206 వారసుడే బాబాయి చూసిన 207. మహీంద్రా వాళ్లదీ అంతే. 1947లో విల్లీస్ జీపులు బిగించడంతో మొదలుపెట్టారు, ఆ వంశంలోనే 2000లో బొలెరో వచ్చింది. తర్వాత అదే పేరుతో పికప్పూ వచ్చింది.

మా వైపు ఈ తేడా ఎవరికీ పట్టేది కాదు. కారేపల్లి రైల్వే జంక్షనే, ఇల్లందు బొగ్గు కోసం పడిన పాయ ఇక్కడే చీలుతుంది. కానీ రైలు వెళ్లేది గనుల దాకా. ముందుకెళ్తే కొత్తగూడెం స్టేషనుకి 'భద్రాచలం రోడ్' అని పేరు, భద్రాచలం మాత్రం ఇంకో నలభై కిలోమీటర్లు! రైలు వదిలేసిన అడవి అంచు ఊళ్లకి కమాండరు జీపులే దిక్కు. లోపల మనుషులు, టాపు మీద మూటలు, వెనక వేలాడుతూ మళ్లీ మనుషులు. ఒకే బండి, రెండు పనులు.

తేడా పెట్టింది ఇనుము కాదు, కాగితం. సొంత బండికి పదిహేనేళ్ల రిజిస్ట్రేషను. సరుకు బండికి పసుపు ప్లేటు, ఎనిమిదేళ్లు దాటితే ఏటా ఫిట్‌నెస్. ఇక్కడిదాకా నా షీటులో పికప్పే గెలుస్తోంది. మిర్చి టిక్కీలు ఖమ్మం మార్కెట్‌కి వేయాలంటే బొలెరో సీట్లు ఏం చేసుకుంటాడు?

అప్పుడు గుర్తొచ్చింది, తోటలో కాయ ఏరడానికి పొద్దున్నే కూలీల్ని తెచ్చేదీ ఆ ట్రాలీలోనే అని.

1994 సవరణతో సరుకు బండిలో వెళ్లే సరుకు యజమానికి, లేదా అతని ప్రతినిధికి బీమా వర్తించింది. ఊరికే ఎక్కినవాళ్ల సంగతేమిటన్నది 2002 డిసెంబరులో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. వాళ్లకి బీమా కంపెనీ బాధ్యత లేదు. అంటే బండి బోల్తా పడితే చనిపోయినవాళ్ల ఇంటివాళ్లు పరిహారం కోసం బండి యజమాని వెంటే పడాలి. ఆ యజమాని మా బాబాయి లాంటివాడైతే, ఆయన దగ్గర ఏముంటుంది, రెండెకరాలమ్మినా?

ఇదంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "మరి బొలెరోల పదిహేను మంది ఎక్కుతరా? అంతమందిని ఎట్ల తేవాలె?"

నా షీటులో ఆ గడి లేదు.

చివరికి 207 కొన్నాడు, మూటల వరకే అన్నాడు. కూలీలకి ఆటో మాట్లాడాడట. అందులో ఎంతమంది ఎక్కుతున్నారో నేను అడగలేదు.