పాత సీసా ఏనాటిది?

పాత సీసా చేతికొస్తే చాలామంది ముందు దాని మీది అక్షరాలు చదువుతారు. ఆనవాలు తెలిసినవాళ్లు మెడ తడుముతారు. అచ్చులో చేసిన సీసాకు పక్కన నిలువునా సన్నటి అతుకు గీత ఉంటుంది. అది మూతికి కిందే ఆగిపోతే మూతిని చేత్తో దిద్దారన్నమాట. అంచు మీదుగా సాగితే యంత్రం పని. అమెరికాలో మైకేల్ ఓవెన్స్ పూర్తి స్వయంచాలక యంత్రం పనిచేయించింది 1903లో. అడుగున కరుకు మచ్చ ఉంటే ఇంకా పాతది: మూతి దిద్దేటప్పుడు సీసాను పట్టుకున్న ఇనుప కడ్డీని విరిచిన చోటది.

ఈ లెక్కలన్నీ పడమటి దేశాలవి. హైదరాబాద్‌లో వీటినే పట్టుకుంటే బోల్తా పడతాం. గోళీ సోడానే చూడండి. 1872లో ఇంగ్లండ్‌లో హైరమ్ కాడ్ పేటెంటు పొందిన సీసా అది. మెడలో నొక్కు, లోపల గోళీ, మూతి కింద రబ్బరు వలయం. తలకిందులుగా గ్యాసు నింపితే గోళీ జారి వలయానికి అతుక్కుని, లోపలి ఒత్తిడికి అక్కడే నిలుస్తుంది. పుట్టినచోట ఎప్పుడో మూలపడ్డా, మన దేశంలో ఇంకా తయారవుతోంది. దాన్ని ‘తెల్లదొరల కాలంది’ అని అమ్మేవాడి మాట సగమే నమ్మాలి. చేత్తో ఊదే పని కూడా ఫిరోజాబాద్‌లో యంత్రాలొచ్చాక చాలాకాలం సాగింది.

అందుకే ఇక్కడి గుర్తులు ఇక్కడే వెతకాలి. నిజాం పేరు ముందు ‘హెచ్.ఇ.హెచ్.’ ఉంటే 1918కి ముందుది కాదు; ఆ బిరుదు వచ్చింది ఆ ఏడాదే. ధర అణాల్లో ఉంటే 1957 నాటి నయా పైసలకు ముందుదనుకోవచ్చు. చిరునామాలో పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిదే.

హైదరాబాద్‌లోని తార్నాక ప్రయోగశాలల రసాయనాల సీసాలకైతే సంస్థల పేర్లే క్యాలెండర్. 1944లో హైదరాబాద్ ప్రభుత్వం పెట్టిన పరిశోధనశాల 1956లో రీజనల్ రీసెర్చ్ లాబొరేటరీ అయింది, 1989లో ఐఐసీటీ అయింది. పక్కనే ఉన్న పోషకాహార పరిశోధనశాల కూనూరు నుంచి తరలివచ్చి, 1969లో ఎన్ఐఎన్ పేరు పెట్టుకుంది. కాకపోతే చీటీ చెప్పేది వాడిన కాలం. కడిగి మళ్లీ నింపిన సీసా అంతకంటే ఎంతో పాతది కావచ్చు.

పేరు మారని సరుకుతోనే అసలు చిక్కు. దగ్గర్లోని అంబర్‌పేటలో తయారయ్యే జిందా తిలిస్మాత్ మందుది 1920 నుంచీ ఒకటే పేరు. అక్కడ మళ్లీ గాజు దగ్గరికి, అతుకు దగ్గరికి రావాల్సిందే.

ఊదారంగు చూసి మురిసిపోవద్దు. పాత గాజులో కలిపిన మాంగనీసు ఏళ్ల తరబడి ఎండకు ఆ రంగు తేలుతుంది. ఇప్పుడు రేడియేషన్‌తో తొందరగానే తెప్పిస్తున్నారు, ముదురు ఊదా అయితే మరీ అనుమానించాలి.