పొరల మధ్య దూరం: విశాల పట్టీ మైక్రోవేవ్ హైబ్రిడ్ కప్లర్ల చరిత్ర

3.1 పరిచయం

ఈ పాఠంలో ఒక చిన్న పరికరం చరిత్రను పరిశీలిద్దాం. దాని పేరు హైబ్రిడ్ కప్లర్. దానికి నాలుగు ద్వారాలుంటాయి. ఒక ద్వారంలో ప్రవేశించిన మైక్రోవేవ్ శక్తిని అది రెండు ద్వారాలకు సరిసమానంగా పంచుతుంది. ఆదర్శ స్థితిలో నాలుగో ద్వారానికి ఏమీ చేరదు. శక్తి సగమైతే 3 డెసిబెల్‌లు తగ్గినట్లు లెక్క కాబట్టి దీన్ని 3 డెసిబెల్ కప్లర్ అని కూడా అంటారు. రాడార్లలో, సమతుల్య యాంప్లిఫయర్లలో, యాంటెనా వరుసలకు సంకేతాలు పంచే వలయాల్లో దీని అవసరం ఉంటుంది.

సాంకేతిక చరిత్ర అనగానే ఆవిష్కర్తల పేర్లు, సంవత్సరాలు బట్టీపట్టడం మనకు అలవాటు. ఈ పాఠాన్ని మాత్రం ఒక ప్రశ్నను మనసులో పెట్టుకొని చదవండి: సమీకరణం తెలిసిన తరవాత కూడా వస్తువును తయారుచేయడం ఎందుకు కష్టమైంది?

3.2 టెలిఫోన్ నుంచి రాడార్ వరకు

‘హైబ్రిడ్’ అనే పేరు టెలిఫోన్ రంగం నుంచి వచ్చింది. దూర ప్రాంతాలకు మాటను చేరవేసేటప్పుడు రెండు దిశల సంకేతాలను విడదీయడానికి హైబ్రిడ్ కాయిల్ అనే ట్రాన్స్‌ఫార్మర్‌ను వాడేవారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో రాడార్ పనులు ఊపందుకున్నప్పుడు అదే పనిని మైక్రోవేవ్ పౌనఃపున్యాల వద్ద చేయవలసి వచ్చింది. అమెరికాలో 1940లో ఏర్పడిన ఎం.ఐ.టి. రేడియేషన్ లేబరేటరీ ఈ కృషికి ముఖ్య కేంద్రం. హాన్స్ బేథె చిన్న రంధ్రాల గుండా తరంగాలు ఎలా ప్రసరిస్తాయో 1944లో ప్రచురించిన సిద్ధాంతంలో వివరించాడు. బెల్ లేబరేటరీస్‌కు చెందిన డబ్ల్యూ. ఎ. టిరెల్ 1947లో వేవ్‌గైడ్‌తో చేసే ‘మ్యాజిక్ టీ’, హైబ్రిడ్ వలయం వంటి నిర్మాణాలను వివరించాడు.

ఇవి లోహపు గొట్టాలతో చేసినవి, బరువైనవి. విమానంలో స్థలమూ బరువూ రెండూ సమస్యలే. పైగా వలయం, శాఖారేఖ వంటి నిర్మాణాలు పావు తరంగదైర్ఘ్యం పొడవు మీద ఆధారపడతాయి. గాలిలో 3 గిగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం 10 సెంటీమీటర్లు. అందులో పావు 2.5 సెంటీమీటర్లు. పౌనఃపున్యం మారితే ఆ పొడవు ఇక పావు వంతు కాదు. అందువల్ల ఒక సాధారణ శాఖారేఖ కప్లర్ మధ్య పౌనఃపున్యానికి అటూ ఇటూ కలిపి 10 నుంచి 20 శాతం పట్టీలోనే సరిగా పనిచేస్తుంది. శత్రువు ఏ పౌనఃపున్యం వాడుతున్నాడో ముందుగా తెలియని ఎలక్ట్రానిక్ యుద్ధతంత్రానికి ఇది చాలదు. విశాల పట్టీ కోసం ఒత్తిడి ప్రధానంగా అక్కడి నుంచే వచ్చింది.

3.3 కాగితం మీది జవాబు

1950ల ఆరంభంలో స్ట్రిప్‌లైన్ ప్రచారంలోకి వచ్చింది. రెండు భూతల పలకల మధ్య, విద్యున్నిరోధక పదార్థంలో ఒదిగిన సన్నని రాగి పట్టీయే స్ట్రిప్‌లైన్. ఇలాంటి పట్టీలు రెంటిని పక్కపక్కన పావు తరంగదైర్ఘ్యం దూరం నడిపితే ఒకదానిలోని శక్తి కొంత రెండోదానిలోకి చేరుతుంది. బి. ఎం. ఆలివర్ 1954లోను, జోన్స్, బొల్జాన్ 1956లోను దీని సిద్ధాంతాన్ని ప్రచురించారు.

ఈ సిద్ధాంతంలో రెండు ఇంపెడెన్స్‌లు కీలకం. రెండు పట్టీల మీద వోల్టేజీలు ఒకే గుర్తుతో ఉంటే సరి రీతి. వ్యతిరేక గుర్తులతో ఉంటే బేసి రీతి. 50 ఓమ్‌ల వ్యవస్థలో 10 డెసిబెల్ కప్లర్‌కు సరి రీతి ఇంపెడెన్స్ సుమారు 69.4 ఓమ్‌లు, బేసి రీతి ఇంపెడెన్స్ సుమారు 36 ఓమ్‌లు కావాలి. ఇది కష్టం కాదు. 3 డెసిబెల్‌కు మాత్రం 120.7, 20.7 ఓమ్‌లు కావాలి. బేసి రీతి ఇంపెడెన్స్ అంతగా తగ్గాలంటే పట్టీల మధ్య కెపాసిటెన్స్ బాగా పెరగాలి. పట్టీల అంచులు పలుచనివి. ఎదురెదురుగా ఉండే వైశాల్యం తక్కువ. కాబట్టి సందును విపరీతంగా తగ్గించాలి. ఆ సందు నాటి చెక్కుడు పద్ధతులకు అందేది కాదు. లెక్క సరైనదే, చేతికి మాత్రం అందలేదు.

3.4 పక్కనుంచి పైకి

జవాబు నిర్మాణాన్ని తిప్పడంలో దొరికింది. పట్టీలను పక్కపక్కన కాక, మధ్యలో పలుచని పొర వేసి ఒకదానిమీద ఒకటి ఉంచితే అంచులకు బదులు ముఖాలు ఎదురెదురవుతాయి. కెపాసిటెన్స్ సులువుగా పెరుగుతుంది. చెక్కవలసిన సందు స్థానంలో పొర మందం వచ్చింది. మందాన్ని అదుపులో ఉంచడం తేలిక. సేమర్ కోన్ 1960లో ఇలాంటి ముఖాముఖి పట్టీల ఇంపెడెన్స్‌లకు సూత్రాలిచ్చాడు. 1963లో, దేనికీ కలపని మూడో వాహకాన్ని ఉపయోగించే ‘రీ-ఎంట్రంట్’ నిర్మాణంతో విశాల పట్టీ 3 డెసిబెల్ కప్లర్‌ను వివరించాడు.

ఒక్క పావు తరంగ ఖండం దాదాపు ఒక ఆక్టేవ్ వరకు, అంటే పై పౌనఃపున్యం కింది దానికి రెట్టింపయ్యే వరకు సరిపోతుంది. అంతకు మించాలంటే అనేక ఖండాలను వరుసగా కలపాలి. క్రిస్టల్, యంగ్ 1965లో సౌష్ఠవ కప్లర్లకు పట్టికలు ఇచ్చారు. ఇక్కడ మళ్ళీ చిక్కు వచ్చింది: మొత్తం 3 డెసిబెల్ రావాలంటే మధ్య ఖండంలో అంతకన్నా గట్టి సంధానం ఉండాలి. దీనికి షెల్టన్, వుల్ఫ్, వాన్ వాగనర్ అదే ఏడాది చూపిన మార్గం టాండెమ్ అమరిక. 8.34 డెసిబెల్ కప్లర్లు రెంటిని జతచేస్తే మొత్తం 3 డెసిబెల్ అవుతుంది. ఒక్కొక్కదానికి కావలసినవి సుమారు 74.8, 33.4 ఓమ్‌లే. ఒకేసారి ఎత్తలేని బరువును రెండు విడతల్లో మోసినట్లన్నమాట.

అయితే అందరూ పొరల దారే పట్టలేదు. జూలియస్ లాంగె 1969లో ఒకే తలం మీద పట్టీలను చేతివేళ్ళలా ఒకదానిలో ఒకటి దూర్చి, సన్నని తీగలతో కలిపాడు. మైక్రోవేవ్ చిప్‌లలో ఈ పద్ధతి స్థిరపడింది. కాబట్టి పొరల పద్ధతిని ‘అంతిమ విజేత’గా భావించకండి.

3.5 పొరల మూల్యం

పొరలు కొత్త సమస్యలు తెచ్చాయి. పై పట్టీ కింది పట్టీ మీద సరిగ్గా కూర్చోకపోతే సంధానం మారుతుంది. పొరల మధ్య చిక్కిన గాలి, జిగురు పొర మందం కూడా లెక్కను తప్పిస్తాయి. తక్కువ ఉష్ణోగ్రత వద్ద కలిపి కాల్చే సిరామిక్ పద్ధతిలో మరో చిక్కుంది: ముద్రించిన పలుచని పొరలను పేర్చి సుమారు 850 నుంచి 900 డిగ్రీల సెల్సియస్ వద్ద కాలిస్తే అవి కుదించుకుపోతాయి. ఇటుక అచ్చును ఇటుక కన్నా కాస్త పెద్దదిగా చేసినట్లే ఇక్కడా ముందుగానే కొలత పెంచుకోవాలి. ఈ కష్టాన్ని భరించినందుకు ఫలితం, కప్లర్‌ను చిన్న దిమ్మెలో ఇమడ్చగలగడం.

2002లో అమెరికా సమాచార నియంత్రణ సంస్థ 3.1 నుంచి 10.6 గిగాహెర్ట్జ్ వరకు అతి విశాల పట్టీ వినియోగానికి అనుమతినిచ్చింది. పై హద్దు కింది హద్దుకు 3.4 రెట్లు. సైనికావసరంగా మొదలైన విశాల పట్టీ ఇప్పుడు పౌర వినియోగంలోకి వచ్చింది. 2007లో అబ్బోష్, బియాల్కోవ్‌స్కీ పైన ఒకటి, కింద ఒకటి దీర్ఘవృత్తాకార లోహపు పట్టీలను ఉంచి, మధ్య భూతలంలోని చీలిక గుండా వాటిని సంధానించిన చిన్న కప్లర్‌ను ఈ పట్టీకి రూపొందించారు. 1960 నాటి ‘ముఖాముఖి’ ఆలోచనే కొత్త ఆకారంలో తిరిగి వచ్చింది.

3.6 సారాంశం

ఈ చరిత్రలో మూడు శక్తులు కనిపిస్తాయి. యుద్ధావసరం ప్రశ్నను వేసింది. సిద్ధాంతం కొలతలను చెప్పింది. తయారీ పద్ధతి ఆ కొలతల్లో ఏది సాధ్యమో నిర్ణయించింది. మొదటి రెంటినే చెప్పే చరిత్రలో, సందును చెక్కినవారు, పొరలను సరిచూసి అతికినవారు కనబడరు. వారి చేతిపని లేకుండా 20.7 ఓమ్‌లు కాగితం మీది అంకెగానే మిగిలేది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 10 డెసిబెల్ కప్లర్ కన్నా 3 డెసిబెల్ కప్లర్‌ను పక్కపక్క పట్టీలతో చేయడం ఎందుకు కష్టం?
2. టాండెమ్ అమరిక ఏ ఇబ్బందిని తొలగించింది?
3. లాంగె కప్లర్‌ను దృష్టిలో ఉంచుకొని, ‘ఒకే సమస్యకు ఒకే పరిష్కారం’ అనే భావనను చర్చించండి.