అసలు రూపం ఎవరిది? హిడింబి నుంచి హల్క్ దాకా

మా ఖరగ్‌పూర్‌లో ఇందా వైపు వెళ్తే ఖడ్గేశ్వర శివాలయం, దగ్గర్లోనే హిడింబేశ్వరి గుడి ఉన్నాయి. భీముడు హిడింబాసురుణ్ణి చంపి, అతని చెల్లెలు హిడింబిని పెళ్లాడింది ఈ నేల మీదేనని ఇక్కడివాళ్లు చెబుతారు. మనాలి వాళ్లూ సరిగ్గా ఇదే మాట అంటారు. అక్కడి హిడింబ గుడి 1553లో కట్టారు. పదిహేను వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు ఊళ్లలో ఒకే పెళ్లి ఎలా జరిగిందో భక్తులే చెప్పాలి. సరే, ఈ రోజు నా గొడవ అది కాదు.

మొన్న మా మనవణ్ణి అటు తీసుకెళ్లి కథ చెప్పాను. అంతా విని వాడన్నాడు: "తాతయ్యా, అయితే హిడింబి హల్క్ లాంటిదన్న మాట!" నవ్వేసి ఊరుకున్నాను కానీ, రాత్రి పడుకున్నాక ఆలోచిస్తే వాడి పోలిక సగమే సరైనదనిపించింది. మిగతా సగంలోనే అసలు సంగతంతా ఉంది.

హల్క్ సీరియల్ అమెరికా టీవీలో 1978 నుంచి 1982 వరకు వచ్చింది. బిల్ బిక్స్‌బీ డాక్టర్ బ్యానర్. కోపం వస్తే ఆకుపచ్చ రంగు పూసుకున్న లూ ఫెరిగ్నో అవుతాడు. గోడలు పగలగొడతాడు, మనుషుల్ని విసిరేస్తాడు. తర్వాత మళ్లీ చిరిగిన చొక్కాతో తెల్లటి డాక్టరుగా మారిపోతాడు. చూసేవాడికి ఎక్కడా అనుమానం ఉండదు. అసలు మనిషి డాక్టరు, రాక్షసుడు అతనికి పట్టిన జబ్బు. అందుకే జాలి పడతాం.

ఇప్పుడు భారతం తీయండి. ఆదిపర్వంలో హిడింబి భీముణ్ణి చూసి మనసు పడి, అందమైన మానవ స్త్రీ రూపం ధరిస్తుంది. అయినా అది ఆమె అసలు రూపమని ఎవరూ అనుకోరు. ఆమె అసలు రాక్షసి, అందం వేషం. కొడుకు పుట్టేదాకానే కాపురం, ఆ తర్వాత ఆమె దారి ఆమెది. ఇద్దరూ రూపం మార్చినవాళ్లే. ఒకరికి వికారం ముసుగు, మరొకరికి అందం ముసుగు. ఈ తేడాను ఎవరు నిర్ణయించారన్నదే నా ప్రశ్న.

మన పురాణాల్లో దీనికి రెండు మాటలున్నాయి. దేవుడు రూపం మారిస్తే లీల, రాక్షసుడు మారిస్తే మాయ. విష్ణువు మోహినిగా మారి అసురులకు అమృతం దక్కకుండా చేస్తే లీల. మారీచుడు బంగారు లేడి అయితే మాయ. ఇంద్రుడు గౌతముడి వేషంలో అహల్య దగ్గరకు వెళ్లినా దేవేంద్రుడే. చేసిన పని మోసమే అయినా, పేరు మాత్రం చేసినవాడి పుట్టుకను బట్టి వస్తుంది.

ఇక్కడ కొందరు మిత్రులు రాక్షసులంటే నల్లటి ద్రావిడులే కదా అంటారు. త్రిపురనేని రామస్వామి చౌదరి గారు 1920లో 'శంబుక వధ' రాసి ఈ చర్చను తెలుగు వేదిక మీదికి తెచ్చారు. ఆయనంటే నాకు గౌరవం. కానీ ఆ సమీకరణాన్ని చరిత్రగా తీసుకోవడానికి ఆధారాలు చాలవు. పైగా గ్రంథాలు చదివితే లెక్క తలకిందులవుతుంది. రాముడు శ్యాముడు. కృష్ణుడి పేరే నలుపు. ద్రౌపదికి కృష్ణ అని పేరు. భారతం రాసిన వ్యాసుడూ కృష్ణద్వైపాయనుడే. రావణుడేమో పులస్త్యుడి మనవడు, బ్రాహ్మణుడు. వాల్మీకి శూర్పణఖను వికారంగా వర్ణిస్తూ రాగి రంగు జుట్టని చెప్పాడు.

మరి నలుపు రాక్షసుల వాటా ఎప్పుడయింది? పుస్తకాల్లో కంటే బొమ్మల్లో, నాటకాల్లో, తెర మీద వెతకాలి. 1894లో మొదలైన రవివర్మ ప్రెస్సు అచ్చేసిన తెల్లటి దేవతలు ఇంటింటి గోడ ఎక్కారు. 1963లో రంగుల్లో వచ్చిన 'లవకుశ'లో ఎన్టీఆర్ రాముడు నీలం రంగులో ఉన్నాడు. నల్లటి దేవుణ్ణి నల్లగా చూపించలేక నీలం పూశాం. 1987 జనవరిలో దూరదర్శన్ 'రామాయణ్' మొదలయ్యేసరికి ఆ నీలం కూడా పోయింది. అరుణ్ గోవిల్ రాముడు, ఆ తర్వాత 'మహాభారత్'లో నితీశ్ భరద్వాజ్ కృష్ణుడు తమ తెల్లటి ఒంటి రంగుతోనే కనిపించారు.

ఇది నాకు పుస్తకాల్లో తెలిసిన విషయం కాదు. నా చిన్నప్పుడు రైల్వే కాలనీలో ఒక బడి నాటకంలో నేను రాక్షసుణ్ణి. ఆ ఏడే కాదు, ప్రతి ఏడూ. "వీడికి మేకప్ ఖర్చు లేదు" అని నాటకం వేయించే మాస్టారు నవ్వుతూ అనేవారు. రాముడి వేషానికి ఎర్రగా బుర్రగా ఉన్న కుర్రాణ్ణి తెచ్చి ఒళ్లంతా నీలం పూసేవారు. తర్వాత ముప్పై ఏళ్లకు పైగా డిఫెన్స్ అకౌంట్స్‌లో ఖర్చుల పద్దులు చూశాను కానీ, అంత విచిత్రమైన పద్దు మళ్లీ తగల్లేదు. నల్లటి దేవుడి వేషానికి తెల్లటి కుర్రాడు, రంగు డబ్బా ఖర్చు. పక్కనే ఉచితంగా దొరికే నలుపు రాక్షసుడికి జమ.

ఇదంతా పాత సంగతి అనకండి. 2017లో మొదలైన 'కార్తీక దీపం' సీరియల్‌లో నల్లటి దీప కష్టాలు చూసి తెలుగు ఇళ్లన్నీ ఏడ్చాయి. ఆ పాత్ర వేసిన ప్రేమీ విశ్వనాథ్‌కు మాత్రం నలుపు మేకప్ వేశారు. అంటే అక్కడ కూడా నలుపు ముసుగే, తెలుపే అసలు. నిజంగా నల్లగా ఉన్న నటికి నల్లపిల్ల వేషమైనా దక్కలేదు. ఇక 1975 నుంచి ఫెయిర్ అండ్ లవ్‌లీ ప్రకటనలు మనకు చూపించిందేమిటి? నల్ల ముఖం మెట్లు మెట్లుగా తెల్లబడటం. 2020లో పేరులో ఫెయిర్ తీసేశారు, పేరు మారినంత తేలిగ్గా చూపు మారదు.

అమెరికా టీవీలోనూ ఇదే ప్రశ్న వేయవచ్చు. 1980లో పుట్టిన సైబోర్గ్ నల్లవాడు. సగం ఒళ్లు పోయి ఇనుప శరీరం వచ్చింది. డాక్టర్ బ్యానర్‌లా ఎపిసోడ్ చివర్లో మామూలు మనిషి కాలేడు. 'సూపర్‌గర్ల్'లో డేవిడ్ హేర్‌వుడ్ వేసిన పాత్రకు నల్లజాతి మనిషి ఒళ్లు వేషం, అసలు రూపం ఆకుపచ్చ అంగారక జీవి. అయితే 'డూమ్ పెట్రోల్'లో సైబోర్గ్ పక్కనే క్లిఫ్ స్టీల్ అనే తెల్లవాడికీ మెదడు తప్ప ఒళ్లు మిగల్లేదు. మన వాదానికి అడ్డొచ్చే ఉదాహరణను దాచేస్తే జ్యోతిష్కుడికీ మనకీ తేడా ఉండదు. రెండు మూడు ఉదాహరణలతో తీర్పు రాదు, లెక్క పెట్టాలి. లెక్కకు నేను మూడు ప్రశ్నలు పెట్టుకున్నాను. మారినవాడు తిరిగి రాగలడా? ఏ రూపాన్ని అసలంటున్నారు? ఎవరి మీద జాలి పడమంటున్నారు?

ఈ ప్రశ్నలతో ఘటోత్కచుణ్ణి చూడండి. ద్రోణపర్వంలో పాండవుల కోసం పోరాడి చనిపోతే పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు సంతోషిస్తాడు. కర్ణుడి శక్తి ఖర్చయిందన్నది ఒక కారణం. యజ్ఞాలను, బ్రాహ్మణులను ద్వేషించే ఇతణ్ణి కర్ణుడు చంపకపోతే తానే చంపాల్సి వచ్చేదని కూడా అంటాడు. సేవంతా చేయించుకుని చివరికి అసలు రూపం గుర్తు చేశారన్న మాట. 1957లో 'మాయాబజార్' ఇదే మనిషిని ఇంకోలా చూపించింది. ఎస్వీ రంగారావు ఘటోత్కచుడు శశిరేఖగా మారతాడు, పని కాగానే సంతోషంగా తన రూపానికి వచ్చేస్తాడు. ఆ అందం ఉంచేసుకోవాలని అతనికి క్షణం కూడా అనిపించదు. తన ఒళ్లంటే అతనికి సిగ్గు లేదు. చూసేవాళ్లకూ లేదు.

మా మనవడికి నా రంగే వచ్చింది. వచ్చే నెల వాడి బడిలో నాటకం ఉందట. ఏ వేషం ఇస్తారో తెలియదు. ఘటోత్కచుడైతే వేయమంటాను. రాముడే కావాలంటే మాత్రం, రంగు డబ్బా అక్కర్లేదని మాస్టారికి నేనే వెళ్లి చెబుతాను.