ఆ చిల్లు ఎంతుండాలి?

1940 వేసవి. ఇంగ్లండ్ దక్షిణ తీరం. మబ్బు అంచున మెసర్‌ష్మిట్ గురిలో పడింది. ఇంకొక్క క్షణం. అంతలో జర్మన్ పైలట్ విమానం ముక్కు కిందికి వంచి నిటారుగా దూకేశాడు. వెనకున్న బ్రిటిష్ స్పిట్‌ఫైర్ పైలట్ కూడా స్టిక్ ముందుకు తోశాడు. ఒళ్లు సీటు మీంచి లేచి బెల్టుకు గుచ్చుకుంది. కాక్‌పిట్ అడుగున ఉన్న దుమ్మంతా మొహంలోకి ఎగిరింది. ఇంజిన్ దగ్గింది. ఎగ్జాస్టుల్లోంచి నల్లపొగ. చప్పుడు ఆగిపోయింది.

ఎదుటివాడు జారిపోయాడు. వెనక ఇంకొకడుంటే?

ఆ స్పిట్‌ఫైర్‌లో ఉన్నది రోల్స్ రాయిస్ మెర్లిన్ ఇంజిన్. హైదరాబాద్ పేరు పెట్టుకున్న 152వ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లలోనూ అదే. హరికేన్ ఫైటర్లలోనూ అదే. జర్మన్ల డైమ్లర్ బెంజ్ ఇంజిన్‌లో పెట్రోలు నేరుగా సిలిండర్లలోకి ఇంజెక్ట్ అవుతుంది, విమానం తిరగబడినా దానికి లెక్కలేదు. రోల్స్ రాయిస్ మాత్రం తెలిసే కార్బురేటర్ పెట్టింది. ఇంజిన్‌లోకి గాలి కుక్కే సూపర్‌ఛార్జర్‌కి ముందే పెట్రోలు కలిస్తే ఆవిరై గాలిని చల్లబరుస్తుంది, చల్లగాలి ఎక్కువ పడుతుంది, పవర్ పెరుగుతుంది. చిక్కంతా డైవ్‌లోనే. ముక్కు వంచగానే కార్బురేటర్‌లో పెట్రోలు నిలిచే ఫ్లోట్ ఛాంబర్‌లో పెట్రోలు పైకి ఎగిరి జెట్లు ఎండిపోయి ఇంజిన్ ఒకసారి దగ్గుతుంది, ఆ వెంటనే ఫ్లోట్ అడుగుకి దిగిపోయి ఛాంబర్ ఖాళీ అయిందన్నట్టు వాల్వుని బార్లా తెరిచేస్తుంది, పంపు తోసే పెట్రోలంతా ఒక్కసారిగా లోపల పడి సిలిండర్లని ముంచేస్తుంది. ఈ రెండో దెబ్బే ప్రాణాంతకం.

దాన్ని ఆపేదెవరు?

ఫార్న్‌బరో, రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంట్. బీట్రిస్ షిల్లింగ్ అక్కడ ఇంజినీరు. 1934లో బ్రూక్‌ల్యాండ్స్ ట్రాక్ మీద నార్టన్ బైకుని గంటకు 106 మైళ్లతో ఉరికించి గోల్డ్ స్టార్ గెలిచిన మనిషి. కార్బురేటర్ మొత్తం మార్చే తీరిక లేదు. ఫ్లోట్ జోలికి పోకుండా పెట్రోలు దారిలోనే అడ్డు పెడితే? దర్జీ వేలితొడుగులాంటి ఇత్తడి ముక్క. మధ్యలో ఒక చిల్లు.

ఎంత చిల్లు? అసలు పరీక్ష ఇక్కడే. పెద్దదైతే ఇంజిన్ మళ్లీ మునుగుతుంది. చిన్నదైతే ఇంకా ఘోరం: ఫుల్ బూస్టులో సూపర్‌ఛార్జర్ గాలి కుక్కుతుంటే దానికి సరిపడా పెట్రోలు అందదు, మిశ్రమం పలచబడుతుంది, అది అదుపు తప్పి పేలడం (నాకింగ్) మొదలవుతుంది, పిస్టన్లు కరుగుతాయి. అందుకే ఆమె లెక్క పైనుంచి కిందికి వచ్చింది. ఫుల్ పవర్‌లో ఇంజిన్ తాగేదెంత? సరిగ్గా అంతే వెళ్లనివ్వాలి. బూస్టు పెరిగితే చిల్లూ పెరగాలి. ఒకే సైజు అన్నిటికీ పనికిరాదు. చదరపు అంగుళానికి 12 పౌండ్ల బూస్టుకి ఒకటి, 15 పౌండ్లకి ఇంకొకటి తయారయ్యాయి. ఈ రోజు సూపర్‌ఛార్జర్ కారుకి ఇంజెక్టర్లు ఎంచేవాళ్లు మొదట వేసుకోవలసిన ప్రశ్న కూడా ఇదే.

లెక్క కాగితం మీద కుదిరింది. గాల్లో?

1941 మార్చికల్లా ఆమె చిన్న బృందంతో ఫైటర్ స్టేషన్లు తిరుగుతోంది. విమానాన్ని డ్యూటీ నుంచి తప్పించే పని లేదు. ముక్క బిగించడం, బయల్దేరడం. ముందు వరసలో పోరాడే స్క్వాడ్రన్లకే మొదటి వంతు. ఇప్పుడు మెసర్‌ష్మిట్ దూకితే వెనకే దూకొచ్చు. మొదటి దగ్గు పోలేదు, తలకిందులుగా ఎక్కువసేపు ఎగరడమూ కుదరలేదు. ఇంజిన్ మునిగి ఆగిపోవడం మాత్రం తప్పింది. 1943లో ప్రెషర్ కార్బురేటర్లు వచ్చేదాకా మెర్లిన్లు ఆ ఇత్తడి ముక్కతోనే యుద్ధం చేశాయి.