అస్ఖలాన్: ఒక ప్రాచీన ఫిలిష్తీయ నగర చరిత్ర

ఫలస్తీన్ సముద్రతీరాన, గాజాకు ఉత్తరంగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, అర్ధచంద్రాకారపు పెద్ద మట్టికట్ట ఒకటి ఉంది. దాని లోపలి శిథిలభూమి సుమారు 150 ఎకరాలు. ఇదే అస్ఖలాన్. హదీసు విద్యను అభ్యసించిన వారికి ఈ పేరు కొత్త కాదు. ‘ఫత్‌హుల్ బారీ’ గ్రంథకర్త హాఫిజ్ ఇబ్నె హజర్ అస్ఖలానీ (హి. 773–852) పేరు చివర నిలిచినది ఈ నగరమే. అయితే ఆయన జన్మించినది కైరోలో. అప్పటికే అస్ఖలాన్ నేలమట్టమై నూరేళ్ళు దాటింది. లేని ఊరి పేరు ఒక మహావిద్వాంసుని పేరులో ఎలా నిలిచిందో తెలియాలంటే ఆ ఊరి గాథ మొదటినుంచి చూడాలి.

అస్ఖలాన్‌ను మొదట కట్టినవారు కనానీయులు. సుమారు క్రీ.పూ. 1850 నాటి వారి కోటద్వారం, పచ్చి ఇటుకల కమానుతో సహా, త్రవ్వకాల్లో బయటపడింది. ‘తూచుట’ అనే అర్థమిచ్చే సెమిటిక్ ధాతువునుంచి నగరం పేరు పుట్టిందని పండితుల అభిప్రాయం. అరబీలోని ‘మిస్ఖాల్’ కూడా ఆ ధాతువుకు చెందినదే. రేవు పట్టణానికి తగిన పేరు.

క్రీ.పూ. 1175 ప్రాంతాన సముద్రంమీదుగా వచ్చిన ఫిలిష్తీయులు ఇక్కడ స్థిరపడ్డారు. బైబిలు చెప్పే వారి అయిదు ప్రధాన నగరాల్లో ఇది ఒకటి. ఫలస్తీన్ అనే పేరు వారినుంచే వచ్చింది. ఏజియన్ ప్రాంతపు తీరును పోలిన కుండలు, మగ్గానికి కట్టే మట్టిగుళ్ళు వారి ఇళ్ళలో దొరికాయి. క్రీ.పూ. 604లో బాబిలోను రాజు నెబుకద్నెజరు నగరాన్ని తగలబెట్టాడు. కాలిన దుకాణాల నడుమ, తల చితికి మరణించిన ఒక స్త్రీ అస్థిపంజరం నాటి ఘోరానికి సాక్ష్యంగా కనిపించింది.

ఈ విషయాలలో అధికభాగం 1985 నుంచి 2016 వరకు హార్వర్డ్ ఆచార్యుడు లారెన్స్ స్టేజర్, ఆయన సహచరులు జరిపిన త్రవ్వకాలవల్ల తెలిసింది. 2016లో ఫిలిష్తీయుల శ్మశానవాటిక వార్త వెలువడింది. 2019లో ఇక్కడి పది అస్థిపంజరాల జన్యుపరిశీలన ప్రకటించారు. తొలి కాలపు శిశువుల్లో దక్షిణ ఐరోపా రక్తసంబంధం కనిపించింది. కొన్ని తరాల తరువాతివారిలో అది దాదాపు కనిపించలేదు. అంటే, పరాయివారుగా వచ్చినవారు రెండు శతాబ్దాలలోనే స్థానికులతో కలిసిపోయారన్నమాట.

హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో, క్రీ.శ. 640 ప్రాంతాన, హజ్రత్ ముఆవియా (రజి) సేనలు నగరాన్ని వశపరచుకున్నాయి. పదవ శతాబ్దపు భూగోళవేత్త ముఖద్దసీ ఇక్కడి పండ్ల సమృద్ధిని, బట్టల బజారులో పాలరాతి తాపడంతో ఉన్న మస్జిదును వర్ణించాడు. ‘అరూసుష్షామ్’, అనగా షామ్ దేశపు పెండ్లికూతురు, అని ఈ నగరానికి పేరు.

1153 (హి. 548)లో నెలల తరబడి ముట్టడి తరువాత సలీబీలు నగరాన్ని పట్టుకున్నారు. 1187లో సుల్తాన్ సలాహుద్దీన్ దాన్ని తిరిగి పొందాడు. కాని నాలుగేళ్ళకే, 1191లో, ఆయనే దాన్ని కూల్చవలసివచ్చింది. ఇంగ్లండు రాజు రిచర్డు దక్షిణానికి కదులుతున్నాడు. కోట అతని చేతికి చిక్కితే ఈజిప్టు మార్గం తెగిపోతుంది, బైతుల్ ముఖద్దస్‌కూ ముప్పు వస్తుంది. రెండింటినీ కాపాడే బలగం లేదు. సుల్తాను ఆ ఆజ్ఞ ఎంత వేదనతో ఇచ్చాడో, ప్రజలు సామాను కారుచౌకగా అమ్ముకొని ఎలా తరలిపోయారో ఆయన వెంట ఉన్న బహావుద్దీన్ ఇబ్నె షద్దాద్ వ్రాసిపెట్టాడు. అనేకులు ఈజిప్టు చేరారు. ఇబ్నె హజర్ వంశమూలం కూడా అస్ఖలానే. రిచర్డు మళ్ళీ కట్టిన గోడలను 1192 సంధి ప్రకారం పడగొట్టారు. ఆ తరువాత లేచిన కోటను 1270లో సుల్తాన్ బైబర్స్ పూర్తిగా కూల్చివేశాడు.

ఆపై శిథిలాల చెంత జూరా గ్రామం, సమీపాన నేతపనికి పేరుపొందిన మజ్దల్ పట్టణం వర్ధిల్లాయి. 1948 యుద్ధంలో రెండూ ఇస్రాయేలు వశమయ్యాయి. మజ్దల్‌లో మిగిలిన అరబ్బులను 1950లో వెళ్ళగొట్టారు. వారిలో అధికులు గాజాకే చేరారు.

ప్రాచీన శిథిలాలను చూపి, ఈ నేల ఒక్క జాతిదేనని వాదించేవారు ఉన్నారు. అస్ఖలాన్ మట్టిపొరలు ఆ వాదాన్ని బలపరచవు. కనానీయులు, ఫిలిష్తీయులు, రోమనులు, అరబ్బులు ఒకరి ఇంటిపై ఒకరు ఇల్లు కట్టుకున్నారు. వచ్చినవారు ఉన్నవారితో కలిసిపోయారు. బ్రతికే హక్కును వేల ఏళ్ళనాటి ఎముకలతో తూచడం సాధ్యం కాదు. గోడలు కూలినా, తరలిపోయిన కుటుంబాలు మాత్రం ఊరి పేరును విడువలేదు. హదీసు గ్రంథాలు తెరచిన ప్రతిచోటా ఆ పేరు నేటికీ పలుకుతూనే ఉంది.